ఆ పిల్లలిద్దరూ బతికే ఉన్నారు

ప్రశ్న:

నాకు 39 ఏళ్లు. ఇదీ ఒక సమస్యేనా అని మీరు నవ్వుకోకపోతే చాలు.

నాకు పదకొండేళ్లప్పుడు మా అమ్మ ఐదు నెలలు ఆస్పత్రిలో ఉంది. నన్నూ తమ్ముణ్నీ పిన్ని వాళ్లింట్లో ఉంచారు. తమ్ముడికి అప్పుడు ఐదేళ్లు. రాత్రయితే అమ్మ కావాలని ఏడ్చేవాడు. ఆ ఇంట్లో ‘మై నైబర్ టోటోరో’ అనే జపాన్ కార్టూన్ సినిమా క్యాసెట్ ఒకటి ఉండేది. ఇంగ్లిషు డబ్బింగు, మాకు సగం మాటలు అర్థమయ్యేవి కావు. అయినా అది పెడితే వాడి ఏడుపు ఆగేది. ఆ ఐదు నెలల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. తర్వాత అమ్మ నయమై ఇంటికొచ్చింది. వాడు ఆ క్యాసెట్ సంగతే మర్చిపోయి ఉంటాడు. నాకు మాత్రం అది అలవాటుగా ఉండిపోయింది. మనసు బాగోలేని రోజున అందరూ పడుకున్నాక ఫోన్‌లో అదే పెట్టుకుంటాను. మా ఆయన చూసి ‘నువ్వెప్పుడు ఎదుగుతావు’ అంటారు. మా ఆరేళ్ల పాపకు కూడా అదంటే ప్రాణం.

నెల కిందట మా మరిది ఒక వీడియో పంపాడు. అందులో అడవిలో ఉండే పెద్ద జంతువు టోటోరో నిజానికి మృత్యుదేవత అట. చెల్లెలు మెయ్ చెరువులో మునిగి చనిపోతుందట, అక్క సత్సుకి ఆమెను వెతుక్కుంటూ తనూ పరలోకానికి వెళ్లిపోతుందట. అందుకే చివర్లో ఇద్దరికీ నీడలు ఉండవట. ఎప్పుడో జరిగిన ఒక హత్యకేసు మీద తీశారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచీ సినిమా పెట్టలేకపోతున్నాను. మా తమ్ముడు ఏడుపు ఆపుకుని చూసింది చచ్చిపోయిన పిల్లల కథా? పాప రోజూ అడుగుతోంది, ఏదో ఒక వంక చెబుతున్నాను.

ఇది నిజమేనా? నిజం కాకపోతే నాకెందుకింత బాధ? ఈ వయసులో పిల్లల బొమ్మల సినిమా పట్టుకుని వేలాడటం ఏమన్నా జబ్బా?

మా అమ్మకు మళ్లీ ఒంట్లో బాగుండటం లేదు. పరీక్షలు చేయిస్తున్నాం.

జవాబు:

అబద్ధం. ముందు ఆ ముక్క చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. మెయ్ మునిగిపోలేదు. సత్సుకి చనిపోలేదు. టోటోరో యమదూత కాదు. ఈ పుకారు జపాన్‌లోనే పుట్టింది. ఇంటర్నెట్‌లో ఊరేగింది. అడిగేవాళ్లు ఎక్కువైపోయాక 2007లో ఆ సినిమా తీసిన స్టూడియో ఘిబ్లీయే నోరు విప్పాల్సి వచ్చింది. టోటోరో మృత్యుదేవత అన్నదీ, మెయ్ చనిపోయిందన్నదీ ఒట్టి మాటలేనని చెప్పింది. చివర్లో నీడలు ఎందుకు లేవంటే, అక్కడ అవసరం అనిపించక వేయలేదంది. చేత్తో ఒక్కో బొమ్మా గీసి రంగులు వేసే పనిలో నీడ అంటే అదనపు చాకిరీ. సాయంత్రం మసక వెలుతురులో అది లేకపోతే ఎవరు చూడొచ్చారులే అనుకుని ఉంటారు పాపం. చూసేవాళ్లు ఆ తర్వాత ఏళ్లకు తయారయ్యారు.

మీ ఉత్తరం వచ్చాక సినిమా మళ్లీ పెట్టుకున్నాను. మొత్తం 86 నిమిషాలు. ఈసారి పోలీసువాడిలా చూశాను. మెయ్ తప్పిపోయాక, చెరువులో చిన్న చెప్పు దొరికినప్పుడు పక్కింటి ముసలమ్మ చేతులు వణుకుతుంటాయి. పరుగెత్తుకొచ్చిన సత్సుకి ఆ చెప్పు చూసి, ఇది మెయ్‌ది కాదంటుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. వీడియో చేసినవాళ్లకు ఈ మాట వినపడలేదు. సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటాయి కదా, మనం లేచి వెళ్లిపోయే చోట, అక్కడ, సినిమా అంతా ఆస్పత్రిలో ఉన్న అమ్మ కారులో ఇంటికొస్తుంది. పిల్లలిద్దరినీ చెరో పక్కనా పడుకోబెట్టుకుని మూడు మేకల కథ చదివి వినిపిస్తుంది. ఆ కథలో ఉండే రాక్షసుడి పేరునే మెయ్ నోరు తిరగక ‘టోటోరో’ అని పలుకుతుంది. చచ్చిపోయిన పిల్లలకు అమ్మ కథ చదవడం ఎలా కుదురుతుందో ఆ వీడియో చేసినవాళ్లనే అడగాలి. మెయ్ అక్కడితోనూ ఆగలేదు. టోక్యో పక్కన మిటాకాలో ఉన్న ఘిబ్లీ మ్యూజియంలో చూపించడానికని 2002లో దర్శకుడు హయావో మియాజాకి ఒక పొట్టి సినిమా తీశాడు. అందులో మెయ్‌కి పిల్లిపిల్ల ఆకారంలో ఉండే ఒక బస్సుతో స్నేహం కుదురుతుంది. బంగారంలా ఉంది.

ఇక ఆ హత్యకేసు. 1963లో సినిమాలో చూపించే ప్రాంతంలో నిజంగానే ఒక ఘోరం జరిగింది. కానీ ఈ కథ నడిచేది 1950లలో. అక్కచెల్లెళ్లిద్దరి పేర్లకూ అర్థం మే నెలే కాబట్టి, ఆ ఘోరం జరిగింది మే నెలలోనే కాబట్టి, ఇదేదో గూఢార్థం అంటారు. సత్సుకి అంటే జపాన్ పాత లెక్కలో ఐదో నెల, మెయ్ అంటే ఇంగ్లిషు మే. ఆ మాట నిజమే. కానీ మొదట్లో కథలో ఉన్నది ఒక్క పిల్లే. తర్వాత మియాజాకి ఆ పిల్లను ఇద్దరిగా విడగొట్టాడు. అందుకే ఒకే పేరు రెండుగా చీలింది. ఆ పాత పిల్ల ఇప్పటికీ సినిమా పోస్టరు మీద ఉంది, చూడండి. బస్టాపులో టోటోరో పక్కన గొడుగు పట్టుకుని నిలబడేది సత్సుకీ కాదు, మెయ్ కూడా కాదు, ఇద్దరూ కలిసిన పిల్ల. గూఢార్థాలు వెతికేవాళ్లు ఇలాంటి నిజమైన వింతను వదిలేసి శవాల కోసం తవ్వుతారు, అదే నా బాధ.

ఇంకొక్క సంగతి చెప్పి ఈ పుకారును వదిలేస్తాను. ఈ సినిమా 1988 ఏప్రిల్ 16న జపాన్‌లో విడుదలైంది, ఒంటరిగా కాదు. అదే స్టూడియో తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’తో జంటగా, ఒకే టికెట్టు మీద. ఆ రెండోది ఇసావో తకహతా తీశాడు. యుద్ధకాలంలో ఒక అన్నా చెల్లెలు. తల్లి బాంబుదాడిలో పోతుంది, తర్వాత పిల్లలిద్దరూ ఆకలితో పోతారు. అన్న చావుతోనే ఆ సినిమా మొదలవుతుంది, దాపరికం ఏమీ లేదు. పిల్లల చావును చూపించాలనుకున్నప్పుడు ఆ స్టూడియో అంత బాహాటంగా చూపించింది. అదే రోజు, అదే తెర మీద, పక్క సినిమాలో మాత్రం నీడలు తీసేసి చిటికెనవేలితో సైగ చేయాల్సిన అవసరం వాళ్లకేమిటి?

మీ మరిదిని ఏమీ అనకండి. ఏదో వింతగా ఉందని పంపి ఉంటాడు. కానీ ఇలాంటి వీడియోలంటే నాకొక చికాకు ఉంది. మెత్తగా ఉన్నది ఏదైనా పైపైదే అయి ఉంటుందని, లోతు కావాలంటే దాని కింద ఒక పీనుగు ఉండి తీరాలని ఈమధ్య ఒక నమ్మకం బయల్దేరింది. పిల్లల కథ దొరికితే చాలు, గునపాలు పట్టుకుని వచ్చేస్తారు.

నిజానికి ఆ సినిమాలో లోతు ఉంది. మీరు దాన్ని పదకొండేళ్ల వయసులోనే కనిపెట్టారు. ఎలాగన్నది ఇప్పుడు మీకు గుర్తు లేదు, అంతే.

నేను మొదటిసారి చూసినప్పుడు విలన్ ఎప్పుడొస్తాడా అని కాచుకుని కూర్చున్నాను. పాడుబడ్డ ఇల్లు, పక్కనే పెద్ద అడవి, తల్లి లేని ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఇన్ని అమర్చాక ఎవరో ఒకరు చెడ్డవాడు రావాలి కదా. రాలేదు. దయ్యాల కొంప అని అరిచిన కుర్రాడు కాంటా, కొన్నాళ్లు పోయాక వానలో తడుస్తూ నిలబడ్డ ఈ పిల్లల చేతిలో తన గొడుగు కుక్కేసి, ఒక్క మాట మాట్లాడకుండా పారిపోతాడు. అడవిలో ఉన్న అంత పెద్ద జంతువు కూడా మంచిదే. మరి ఆ సినిమాలో భయపెట్టేది ఏమిటి? నేను చాలాసేపటికి గాని పట్టుకోలేకపోయాను. ఆస్పత్రి. అంతా ఆ ఆస్పత్రి చుట్టూనే తిరుగుతుంది. అమ్మకు ఏ జబ్బో సినిమా ఒక్కసారి కూడా చెప్పదు. పిల్లలకు కూడా అలాగే కదా, ‘అమ్మకు బాగోలేదు’ అన్న ఒక్క మాట తప్ప ఏమీ తెలీదు. మియాజాకి చిన్నతనంలో ఆయన తల్లికి వెన్నెముక క్షయ వచ్చింది, ఏళ్ల తరబడి మంచం మీద ఉంది. ఎదురుచూసే పిల్లలకు ఇల్లు ఎలా కనిపిస్తుందో ఆయన ఎవర్నీ అడిగి తెలుసుకోనక్కర్లేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఒక సంగతి. తమ్ముడు ఏడ్చాడని, ఏడుపు ఆగిందని, ఏడుపు ఆపుకున్నాడని మూడుసార్లు రాశారు. మీరు ఏడ్చారని ఒక్కసారి కూడా రాయలేదు. పదకొండేళ్ల పిల్లకు అమ్మ ఐదు నెలలు ఇంట్లో లేకపోతే ఏడుపు రాదా?

సత్సుకి కూడా ఏడవదు. చాలాసేపు ఏడవదు. పొద్దున్నే లేచి నాన్నకీ చెల్లెలికీ తనకీ డబ్బాలు కడుతుంది. నాన్న నిద్ర లేవడం ఆలస్యం చేసినా ఆ పిల్ల చేయదు. చెల్లెలు ఇంట్లో ఉండనని మొండికేసి బడికి వచ్చేస్తే, టీచరును అడిగి పక్కన కూర్చోబెట్టుకుని పాఠం వింటుంది. ఆస్పత్రికి వెళ్లినప్పుడు అమ్మ ఆమె జుట్టు దువ్వుతుంది, అప్పుడొక్క నిమిషం మాత్రం సత్సుకి తన వయసు పిల్ల అయిపోతుంది. ఆ తర్వాత ఆస్పత్రి నుంచి టెలిగ్రాం వస్తుంది. శనివారం ఇంటికి రావాల్సిన అమ్మ రావడం లేదు. మెయ్ ససేమిరా ఒప్పుకోదు, అమ్మ రావాల్సిందే అంటుంది. అప్పుడు సత్సుకి అరుస్తుంది, అయితే అమ్మ చచ్చిపోయినా ఫర్వాలేదా నీకు అని.

ఇంత మెత్తని సినిమాలో ఆ మాట! అక్క ఆ మాట చెల్లెలితో అనలేదు, తనతో తనే అనుకుంది. పొద్దున్నుంచీ కాదు, ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ అనుకుంటూనే ఉంది. కాసేపటికి ముసలమ్మ ముందు కూలబడి, కిందటిసారి కూడా ఇలాగే జలుబే అన్నారు, నాలుగు రోజులే అన్నారు, ఇప్పుడు అమ్మ చచ్చిపోతే ఎలాగ అని భోరుమంటుంది. అక్క ఏడవడం మెయ్ చూస్తుంది. అక్క కూడా ఏడుస్తుందని ఆ నాలుగేళ్ల పిల్లకు అప్పుడే తెలుస్తుంది. అప్పుడే మొక్కజొన్న పొత్తు పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరుతుంది. తన తోటలో కూరగాయలు తింటే అమ్మకు ఇట్టే నయమవుతుందని ముసలమ్మ అంతకుముందు చెప్పింది కదా. అక్కకు చేతకానిది తను చేయబోతోంది. చెల్లెలు తప్పిపోయింది అల్లరి వల్ల అనుకుంటారు చాలామంది. అక్క ఏడుపు వల్ల తప్పిపోయింది.

మీరు రాత్రిళ్లు తమ్ముడి కోసం క్యాసెట్ పెట్టేవాళ్లు. అక్కడ తెర మీద ఒక పెద్దపిల్ల మీ బదులు ఏడ్చిపెట్టేది. మీరు పక్కన కూర్చుని వాడి వీపు నిమురుతూ చూసేవాళ్లు. నా ఊహే కావచ్చు. తప్పయితే కొట్టిపారేయండి.

టోటోరో సంగతికి వద్దాం. వాడు ఏం చేస్తాడు అసలు? అమ్మకు జబ్బు నయం చేయడు. మాటలు రావు, ఆవులిస్తాడు, గర్జిస్తాడు, నిద్రపోతాడు. పిల్లలు గాల్లో ఎగిరిన రాత్రి ఆకాశమంత చెట్టు మొలిపిస్తాడు, తెల్లారి చూస్తే ఆ చెట్టు ఉండదు, నేలలోంచి చిన్న మొలకలు మాత్రం తలలెత్తి ఉంటాయి. పిల్లలు ఎగిరి గంతేస్తూ ‘కలే, కానీ కల కాదు’ అని అరుస్తారు. అంతకంటే వాళ్లకు ఏమీ తెలియజెప్పరు.

నాకు బాగా ఇష్టమైంది బస్టాపు. నాన్న గొడుగు తీసుకెళ్లలేదని పిల్లలు ఎదురు వెళ్తారు. చీకటి పడింది, వాన. ఒక బస్సు వచ్చి వెళ్లింది, నాన్న దిగలేదు. మెయ్‌కి నిద్ర ముంచుకొస్తే సత్సుకి వీపున మోస్తూ నిలబడింది. అప్పుడు పక్కకు వచ్చి నిలబడతాడు టోటోరో, నెత్తి మీద ఒక ఆకు పెట్టుకుని. ఎంతోసేపు ఏమీ జరగదు. చినుకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. సత్సుకి నాన్న కోసం తెచ్చిన గొడుగు వాడికిస్తుంది. చెట్టు మీది నీటిబొట్టు టపుక్కున గొడుగు మీద పడితే ఆ శబ్దం వాడికి ఎంత నచ్చుతుందంటే, ఎగిరి నేల అదిరేలా దూకి, చెట్లమీదున్న నీళ్లన్నీ ఒక్కసారి కురిపించుకుంటాడు. వెళ్లిపోతూ ఆకులో కట్టిన గింజల పొట్లం ఒకటి ఇచ్చి పోతాడు. నాన్న బస్సు వాడి వల్ల ముందు రాలేదు. దాని వేళకు అది వచ్చింది. ఆ మధ్యలో సత్సుకి ఒంటరిగా నిలబడలేదు, వాడు చేసిన సాయమల్లా అదే. మీ పిన్ని వాళ్లింట్లో ఆ ఐదు నెలలూ మీరు నిలబడింది అలాంటి బస్టాపులోనే. అందుకేనేమో, ఇన్నేళ్లకు కూడా మనసు బాగోలేకపోతే మీరు వెళ్లి నిలబడేది అక్కడే.

మీవారి మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. కావాలంటే జపాన్ దర్శకుడు కురసావా అంతటివాడు తనకు నచ్చిన వంద సినిమాల్లో దీన్నీ లెక్కపెట్టాడని చెప్పొచ్చు. కానీ పెద్దల సంతకాలు చూపించి గెలవడం నాకంత ఇష్టం ఉండదు. ఆయన్ని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకోండి, ఏమీ వివరించకండి. ఆ నాన్న పాత్రను చూడమనండి చాలు. ఇల్లు దయ్యాల కొంపలా ఉందని పిల్లలు భయపడితే, అలాంటి ఇంట్లో ఉండాలని తనకు చిన్నప్పటి నుంచీ కోరిక అంటాడు ఆయన. రాత్రి గాలికి ఇల్లు ఊగిపోతుంటే స్నానాల తొట్టిలో కూర్చుని గట్టిగా నవ్వి, పిల్లల చేత కూడా నవ్విస్తాడు, భయం పారిపోతుందని. టోటోరోను చూశానని మెయ్ అంటే అక్కా నాన్నా నవ్వుతారు. పిల్ల ఉడుక్కుంటుంది, నేను అబద్ధం ఆడటం లేదని. నాన్న వెంటనే నవ్వు ఆపి, నువ్వు అబద్ధం ఆడుతున్నావని నేననుకోలేదమ్మా, అడవికి కాపలా కాసేవాణ్ని కలిసినట్టున్నావు, ఎప్పుడూ అందరికీ కనిపించరు వాళ్లు అంటాడు. అనేసి ఊరుకోడు. పిల్లలిద్దర్నీ వరస కట్టించి ఆ పెద్ద కర్పూర చెట్టు ముందు నిలబడి, మా పిల్లను చూసుకున్నందుకు థాంక్స్ అని తలవంచి దణ్ణం పెడతాడు. ఆరేళ్ల పాప ఉన్న ఏ తండ్రికైనా ఆ రెండు నిమిషాలు పనికొస్తాయి. వేలాడటం జబ్బా అని అడిగారు కదా. కాదు. వంట మానేసో, ఉద్యోగం మానేసో రోజంతా అదే చూస్తుంటే వేరే మాట. మనసు బాగోలేని రోజున గంటన్నర ఒక పాత ఇంటికి వెళ్లొస్తున్నారు, అంతే కదా.

ఇక మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలు. ఏదో మర్చిపోయిన సరుకు జాబితా అడుగున రాసినట్టు రాశారు, అమ్మకు మళ్లీ బాగుండటం లేదని. నాకు అసలు ఉత్తరం అక్కడే ఉన్నట్టనిపించింది. ఇదే వీడియో రెండేళ్ల కిందట వచ్చి ఉంటే ‘ఛీ’ అనుకుని తీసేసేవాళ్లు. పరీక్షల కాగితాల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో వచ్చింది. కిందటిసారి మిమ్మల్ని ఒడ్డున పడేసిన తెప్పకే చిల్లు ఉందని ఎవరో చెప్పినట్టయింది, అదీ మళ్లీ నీళ్లలోకి దిగుతున్నప్పుడు. నిద్ర పట్టకపోవడంలో వింతేముంది.

అమ్మకు ఏమవుతుందో నాకు తెలీదు. ఆ సినిమాలో అమ్మ ఇంటికొచ్చింది కాబట్టి మీ అమ్మగారు కూడా వస్తారని చెప్పే హక్కు నాకు లేదు. పాపకు మాత్రం వంకలు చెప్పడం మానేయండి. సత్సుకి ఎందుకు అంతలా బద్దలైందో గుర్తు చేసుకోండి. కిందటిసారి కూడా జలుబే అన్నారు! పెద్దలు చెప్పిన ఉత్తుత్తి మాటలు పిల్లలు మర్చిపోరు, దాచిపెట్టుకుని ఒక రోజు లెక్క తీస్తారు. ‘అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదు, డాక్టర్లు చూస్తున్నారు, ఏమైందో ఇంకా తెలీదు, తెలిసిన రోజు నీకూ చెప్తాను’ అనండి. తెలిసిన రోజు నిజంగా చెప్పండి. పాప ఏదైనా గీసి అమ్మమ్మకు ఇస్తానంటే తీసుకెళ్లండి, ఎంత చిన్న కాగితమైనా సరే. మందు కాకపోవచ్చు. మెయ్ చేతిలో పొత్తు కూడా మందేమీ కాదు. కానీ ఏమీ చేయలేని పిల్ల చేతికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

చివరి సన్నివేశం ఒకటి మిగిలింది. మీరు వందసార్లు చూసి ఉంటారు. పిల్లి బస్సు పిల్లలిద్దర్నీ ఆస్పత్రి బయట చెట్టు మీదికి తీసుకొస్తుంది. కిటికీలోంచి అమ్మా నాన్నా నవ్వుతూ మాట్లాడుకోవడం కనిపిస్తుంది. నిజంగా జలుబే. పిల్లలు లోపలికి వెళ్లరు, అమ్మను పిలవరు, చూసి తిరిగి వెళ్లిపోతారు. ఎంత గోల చేసి వచ్చారో, అంత నిశ్శబ్దంగా. తర్వాత కిటికీ గట్టు మీద పొత్తు కనిపిస్తుంది, దాని ఆకు మీద ‘అమ్మకు’ అని గీసి ఉంటుంది. చెట్టు మీద పిల్లలు నవ్వుతున్నట్టనిపించిందని అమ్మ అంటుంది. పుకారువాళ్లకు ఇది దయ్యాల సాక్ష్యం. ఆస్పత్రి మంచం మీద పడుకున్న ఏ తల్లిని అడిగినా చెబుతుంది, కిటికీ బయట పిల్లలు కనిపించినట్టు అనిపించడానికి వాళ్లు చచ్చిపోనక్కర్లేదని.

కానీ దానికి కొంచెం ముందు అమ్మ ఇంకొక మాట అంటుంది. ఆ పిల్లలు పైకి కనిపించేదానికంటే ఎక్కువే ఓర్చుకుంటున్నారు అంటుంది భర్తతో. సత్సుకి మరీ చెప్పిన మాట వినే పిల్ల కాబట్టి దాన్ని తలుచుకుంటే ఇంకా జాలేస్తుందంటుంది. ఇంటికి వెళ్లాక వాళ్లను ఇష్టం వచ్చినంత అల్లరి, మారాం చేయనిస్తానంటుంది.

మీకు సగం మాటలు అర్థమయ్యేవి కావన్నారు. ఈ మాట ఆ సగంలోనే ఉండి ఉంటుంది. ఈసారి చూసినప్పుడు ఆగి వినండి.

వీలుంటే మీ అమ్మగారి పక్కన కూర్చుని, పాపను మధ్యలో వేసుకుని చూడండి. ఆ ఐదు నెలలు మంచం మీద పడుకుని ఆవిడ పెద్దకూతురి గురించి ఏమనుకునేవారో మీరు ఎప్పుడూ అడిగి ఉండరు. మనం అడగం. సినిమా నడుస్తుండగా అలాంటివి అడగడం తేలిక, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కాబట్టి.

మీ తమ్ముడికి కూడా ఫోన్ చేయండి. అమ్మ సంగతి మాట్లాడాక, చెరువులో చెప్పు దొరికే చోట కళ్లు మూసుకునేది ఎవరో గుర్తుందా అని అడగండి. వాడు మర్చిపోయి ఉంటాడని రాశారు, నాకైతే అలా అనిపించడం లేదు. ఏమన్నాడో నాకూ రాయండి.